తడ దాటి వచ్చిన పాటలు

సరిహద్దు ఊళ్ళ చరిత్ర – 11వ భాగం

పోయిన భాగంలో తడ చెక్‌పోస్టు గురించి చెప్పుకున్నాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఈ ఊరు రాష్ట్రానికి దక్షిణపు పొలిమేర ఎలా అయిందో, 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చాక ఇక్కడి లారీల బారులు ఎలా తగ్గిపోయాయో చూశాం. ఈసారి అదే దారిన దశాబ్దాలపాటు వచ్చిన ఇంకో సరుకు సంగతి: సినిమా పాటల రికార్డులు, వాల్‌పోస్టర్లు. ఈ రెండింటినీ మనం వాడుకున్నంతకాలం వాడుకుని పారేశాం. కొద్దిమంది మాత్రం దాచారు. తెలుగు సినిమా సంగీత చరిత్రలో ఇవాళ మనం ధైర్యంగా చెప్పగలుగుతున్న మాటల్లో చాలాభాగం ఆ కొద్దిమంది పుణ్యమే.

తెలుగు సినిమాకు మాట వచ్చింది 1932లో, బొంబాయిలో తీసిన ‘భక్త ప్రహ్లాద’తో. కొన్నేళ్ళకే కాపురం మద్రాసుకు మారింది. వాహినీ, జెమిని, విజయా, ఏవీఎం అన్నీ అక్కడే వెలిశాయి. పాట రాసేది అక్కడ, వరస కట్టేది అక్కడ, పాడేది అక్కడ, పోస్టరు గీసి అచ్చువేసేది అక్కడ. వినే జనం, చూసే జనం మాత్రం ఎక్కువమంది తడకు ఉత్తరాన. రికార్డుల్లో, పోస్టర్లలో తిరుపతి, చిత్తూరు వైపు పోయేవి నగరి, పుత్తూరు దారి పట్టేవి. నెల్లూరు, గుంటూరు, బెజవాడ వైపు పోయేవాటికి ఇదే దారి. సినిమా వ్యాపారంలో తడ ‘నెల్లూరు ఏరియా’, తిరుపతి ‘సీడెడ్’. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక రెండూ ఒకే తిరుపతి జిల్లాలోకి చేరాయి గానీ, పంపిణీదారుల లెక్కల్లో చాలాకాలం అవి వేరువేరు దేశాలే.

రికార్డుల ప్రయాణం మరీ సుదీర్ఘమైనది. కుక్క బొమ్మ కంపెనీ అని మనవాళ్ళు పిలుచుకున్న హెచ్ఎంవీ వాళ్ళ కార్ఖానా కలకత్తా శివార్లలో డమ్ డమ్‌లో ఉండేది. మద్రాసులో పాడిన పాట అక్కడికి పోయి, రికార్డుగా అచ్చయి తిరిగి రావాలి. ఆ రెండు మహానగరాలను కలిపే రైలు మార్గం గూడూరు, సూళ్లూరుపేట, తడ మీదుగానే వెళ్తుంది. కుక్క బొమ్మ ఒక్కటే కాదు, వేరే కంపెనీల సరుకు కూడా మద్రాసు బజారులో దొరికేది. ఏవీ మెయ్యప్పన్ సినిమాలు తీయకముందు సరస్వతి స్టోర్స్ పెట్టి ఓడియన్ రికార్డుల వ్యాపారం చేశారు. ఏవీఎం అనే మహాసంస్థకు పునాది పడింది రికార్డుల దుకాణంలో.

ఇలా పాటలు ఉత్తరానికి వస్తుంటే, వాటిని పుట్టించిన మనుషులు దక్షిణానికి పోయారు. మన ప్రాంతం ఇచ్చినవాళ్ళను ఒక్కసారి తలుచుకోవాలి. నాగయ్యగారి పేరు ముందు ఊరి పేరు చేర్చింది చిత్తూరు నాటకరంగం. ‘పోతన’, ‘త్యాగయ్య’ చిత్రాల్లో నటించి, పాడి, సంగీతమూ తానే కూర్చారాయన. ఏ.ఎం. రాజా చిత్తూరు జిల్లాలో పుట్టారు. 1955 నాటి ‘మిస్సమ్మ’లో రామారావుకు వినిపించే ఆ మెత్తని గొంతు ఆయనదే. తమిళంలో అదే సినిమా ‘మిస్సియమ్మ’గా వస్తే జెమినీ గణేశన్‌కూ ఆయనే పాడారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం శ్రీకాళహస్తిలోను, తిరుపతిలోను చదువుకున్నారు. మద్రాసు చేరి 1966లో ఎస్.పి. కోదండపాణి సంగీతంలో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’కు తొలిపాట పాడారు.

ఇక తడకు పక్కింటివాడు ఆచార్య ఆత్రేయ. అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. 1921 మే 7న సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టారు. నాటకాలు రాసి, ఉద్యోగాలు చేసి, చివరికి మద్రాసు చేరి 1951లో ‘దీక్ష’తో సినిమా పాట మొదలుపెట్టారు. ‘మంచి మనసులు’, ‘మూగమనసులు’, ‘ప్రేమనగర్’, ‘మరోచరిత్ర’, చివరిదాకా అదే పట్టు. ఆయన మంగళంపాడు నుంచి మద్రాసు పోవాలన్నా తడ దాటాలి, ఆయన పాట ఉన్న రికార్డు మంగళంపాడు రావాలన్నా తడ దాటాలి. ఆయన రాసిన పాటల తొలి రికార్డులన్నీ ఒకచోట పెట్టిన గది ఈ జిల్లాలో ఒక్కటి ఉండాలని నా కోరిక. ఆ మాట చివర్లో మళ్ళీ చెప్తాను.

ముందు ఆ పాత రికార్డును దగ్గరగా చూద్దాం. పది అంగుళాల వెడల్పు, నిమిషానికి 78 తిరుగుళ్ళు, ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర. లక్క, రాతిపొడి, మసి కలిపి అచ్చువేసిన వస్తువు. చేతిలోంచి జారితే ముక్కలే. స్టీలు ముల్లు ఒక వైపు పాడగానే అరిగిపోయేది, మార్చాలి. సినిమాలో నాలుగు నిమిషాలున్న పాటను రికార్డు కోసం కుదించేవాళ్ళు, లేదా రెండు వైపులా పంచేవాళ్ళు. అందుకే సినిమాలో వినేదీ రికార్డులో వినేదీ ఒక్కోసారి ఒకటి కాదు. చరణం తగ్గుతుంది, వాద్యం మారుతుంది. పాటను మళ్ళీ రికార్డు కోసమే పాడిన సందర్భాలూ ఉన్నాయి. సేకర్తలు ఈ తేడాల కోసం చెవులు కోసుకుంటారు. వాళ్ళది చాదస్తం అనుకునేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. సినిమా నెగెటివ్ పాడైపోయినప్పుడు, ప్రింటులో ఆ పాటనే కత్తిరించేసినప్పుడు, మిగిలేది ఈ మూడు నిమిషాలే.

మధ్యలో ఉన్న గుండ్రటి లేబుల్ ఇంకా విలువైనది. సినిమా టైటిళ్ళలో నేపథ్య గాయకుల పేర్లు ఒక గుంపుగా వేస్తారు, అదీ వేస్తే. ఏ పాట ఎవరు పాడారో చెప్పరు. లేబుల్ చెప్తుంది: సినిమా పేరు, పాట మొదలు, పాడినవాళ్ళు, రికార్డు నంబరు. లేబుల్‌కూ పాట గీతలకూ మధ్య ఖాళీలో నక్షత్రాల్లా మెరిసే చిన్న అంకెలు ఉంటాయి. అవి కార్ఖానా అచ్చు నంబర్లు. వాటిని బట్టి ఏది ముందు అచ్చయింది, ఏది తర్వాత మళ్ళీ వేసింది అన్నది తేలుతుంది. అయితే లేబుల్‌నూ గుడ్డిగా నమ్మకూడదు. 1949 నాటి హిందీ ‘మహల్’ సినిమా రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు, సినిమాలోని పాత్ర పేరు ‘కామిని’ అని వేశారు. రేడియోకు ఉత్తరాలు వెల్లువెత్తాకగానీ పాడిందెవరో జనానికి తెలియలేదు. మన దగ్గర ‘మాయాబజార్’ (1957) టైటిళ్ళలో సంగీతం ఘంటసాల అని ఉంటుంది. మొదట సాలూరి రాజేశ్వరరావు కొన్ని వరసలు కట్టి తప్పుకుంటే మిగతా పని ఘంటసాల పూర్తిచేశారన్న సంగతి టైటిలు చెప్పదు. పాత రికార్డులు, పాత పత్రికలు, పాతవాళ్ళ మాటలు పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు చెప్పారు.

సరిహద్దున ఉన్నవాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది, బెజవాడ వాళ్ళకు లేనిది. ఒకే సినిమా రెండు భాషల రికార్డులూ చేతికి అందుతాయి. ‘దేవదాసు’ చూడండి. 1953 జూన్‌లో తెలుగులో వచ్చింది, ఆ తర్వాత అదే ఏడాది తమిళంలో. అప్పటికి తడ దగ్గర గీత లేదు, అంతా మద్రాసు రాష్ట్రమే. మూడు నెలలు తిరిగేసరికి గీత పడింది. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ సినిమా పూర్తికాకముందే 1952లో చనిపోతే, ఆయన దగ్గర పనిచేస్తున్న విశ్వనాథన్, రామమూర్తి మిగతా బాధ్యత తీసుకున్నారు. రెండు భాషల్లోనూ నాగేశ్వరరావుకు పాడింది ఘంటసాలే. తెలుగు మాట సముద్రాలది. ఒకే గొంతు, ఒకే వరస, రెండు భాషల రికార్డులు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి వింటే ఘంటసాల తమిళ మాటను ఎంత జాగ్రత్తగా పట్టుకున్నారో తెలుస్తుంది. మాట మారినప్పుడు గమకం ఎక్కడ కాస్త పక్కకు జరిగిందో కూడా పట్టుకోవచ్చు. జత కుదిరిన రికార్డులు విడి రికార్డుల కంటే ఎన్నో రెట్లు విలువైనవి అని నేను గట్టిగా నమ్ముతాను. తెలుగు సేకర్తలు తమిళ రికార్డు పక్కన పడేస్తారు, తమిళ సేకర్తలు తెలుగు రికార్డు పక్కన పడేస్తారు. తడ, సరిహద్దుకు అవతలి ఆరంబాక్కం ప్రాంతంలో ఉన్నవాళ్ళు రెండూ ఉంచుకోవాలి.

ఈ 78 రికార్డుకు ఒక కొరత ఉంది. దానికి బొమ్మ లేదు. వచ్చేది గోధుమరంగు కాగితపు సంచిలో, దాని మీద కంపెనీ ప్రకటన. పాట ఒకచోట, సినిమా రూపం మరొకచోట. ఆ రూపం ఉన్నది గోడ మీది పోస్టరులో, థియేటరు దగ్గర అమ్మే పాటల పుస్తకం అట్ట మీద. అమెరికాలో కొలంబియా కంపెనీ 1940లో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రవాడి చేత రికార్డు అట్టల మీద బొమ్మలు వేయించింది. ప్రపంచమంతా అదే బాట పట్టింది. మనకు ఆ భాగ్యం ఈపీలు, ఎల్‌పీలు వచ్చాకే.

అప్పటిదాకా బొమ్మ బాధ్యతంతా వాల్‌పోస్టరుదే. సింగిల్ షీట్ అంటే దాదాపు 30 అంగుళాలు, 40 అంగుళాలు. పెద్ద గోడలకు సిక్స్ షీట్, ఇంకా పెద్ద కూడళ్ళకు ట్వంటీఫోర్ షీట్. పాత పోస్టర్లు లిథోలో అచ్చయ్యేవి. చిత్రకారుడు రంగుల్లో వేసిన బొమ్మను అచ్చుపనివాళ్ళు రంగుకొక పలకగా విడదీసి, ఒక్కో పలక మీద చేత్తో గీసేవాళ్ళు. పసుపు మీద ఎరుపు, ఎరుపు మీద నీలం, కాగితం అన్నిసార్లు యంత్రంలోకి వెళ్ళి రావాలి. వెంట్రుకవాసి జరిగినా కథానాయిక పెదవి బుగ్గ మీదికి పోతుంది. ఇవాళ అసలు పోస్టరుకూ నకలుకూ తేడా చూడాలంటే చేతిలో భూతద్దం ఉంటే చాలు. నకలులో వరసగా పేర్చినట్టున్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. లిథోలో చుక్కల వరస ఉండదు, సుద్దముక్కతో గరుకు రాయి మీద రుద్దినట్టు రంగు గరుగ్గా పరుచుకుని ఉంటుంది. అంచుల్లో ఒక రంగు మరోదాన్ని కాస్త దాటి ఉంటుంది. నాలుగు మడతల గుర్తులూ ఉంటాయి, ఎందుకంటే పోస్టర్లు మడిచి కట్టలుగా పంపేవాళ్ళు. కింద ఖాళీ జాగాలో థియేటరు పేరుతో స్లిప్పు అంటించి ఉంటే దాన్ని పీకకండి. ఆ సినిమా ఏ ఊళ్ళో ఏ హాల్లో ఆడిందో చెప్పే సాక్ష్యం ఆ స్లిప్పే.

పోస్టరు గీసినవాళ్ళను మన సినిమా చరిత్ర సరిగా గౌరవించలేదు. కేతా, గంగాధర్, ఈశ్వర్ వంటివాళ్ళ సంతకాలు మూలల్లో కనిపిస్తాయి, వాళ్ళ జీవితాలు పుస్తకాల్లో కనిపించవు. బాపు ఒక మినహాయింపు, అదీ ఆయన మిగతా పనుల వల్ల. ఇంకో మినహాయింపు ఈశ్వర్. ఈ కొసనా ఈశ్వరరావు పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్ళి, కేతా దగ్గర పని నేర్చుకుని, 1967లో బాపు తీసిన ‘సాక్షి’తో సొంతంగా మొదలుపెట్టారు. ఆ తర్వాత రెండు వేలకు పైచిలుకు సినిమాలకు ప్రచార చిత్రాలు వేశారు. తన అనుభవాలతో ‘సినిమా పోస్టర్’ అని పుస్తకం రాస్తే దానికి నంది పురస్కారం వచ్చింది. ప్రభుత్వం రఘుపతి వెంకయ్య పురస్కారమూ ఇచ్చింది. 2021లో చెన్నైలో కన్నుమూశారు. ఈ రంగంలో లోపలి మనిషి తెలుగులో రాసిన ఆ పుస్తకం పోస్టర్లు సేకరించేవాళ్ళ ఇంట్లో ముందు ఉండాలి. పోస్టర్లు తర్వాత కొనొచ్చు.

అరవైల్లో ఏడంగుళాల ఈపీ మన ఇళ్ళలోకి వచ్చాక పాట, పోస్టరు ఒకే వస్తువులో కలిశాయి. ఒక ఈపీలో సాధారణంగా నాలుగు పాటలు. సినిమాలో ఎనిమిది పాటలుంటే రెండు ఈపీలు. అట్ట మీద సినిమా స్టిల్సు, రంగుల్లో పేరు, పోస్టరు మీది అక్షరాల మలుపే ఇక్కడా. అట్ట వెనక పాటల వివరాలు, రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు. ఎల్‌పీ వచ్చాక బొమ్మకు అడుగు వెడల్పు జాగా దొరికింది. కాకపోతే తెలుగులో ఒక్కో సినిమాకు ఒక్కో ఎల్‌పీ అన్ని సందర్భాల్లో దక్కలేదు. ఈ వైపు ఒక సినిమా, ఆ వైపు ఇంకో సినిమా వేసి అమ్మేవాళ్ళు. అట్ట మీద రెండు సినిమాలూ సగం సగం పంచుకునేవి. ఇలాంటి ఎల్‌పీలను చిన్నచూపు చూసే సేకర్తలు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఏ సినిమా పక్కన ఏ సినిమాను పెడితే అమ్ముడుపోతుందని కంపెనీ అనుకుందో ఆ అట్ట చెప్తుంది. ఆనాటి మార్కెట్టు ఆలోచన అంత సూటిగా ఇంకెక్కడా దొరకదు.

మన సేకర్తలకు ఇంకో పెద్ద లోటు ఉంది. పాశ్చాత్య దేశాల్లో సినిమా నేపథ్య సంగీతాన్ని విడిగా రికార్డు వేసి అమ్మడం పాత అలవాటు. 1942లో వచ్చిన ‘జంగిల్ బుక్’ చిత్రానికి మిక్లోష్ రోజా కూర్చిన సంగీతాన్ని రికార్డుల సెట్టుగా తెచ్చారు. నేపథ్య సంగీతం అలా రావడం అదే మొదలని చెప్తారు. దానిలో కథ చెప్పిన గొంతు సాబుది. ఆ సాబు మన మైసూరు ప్రాంతపు మావటి కొడుకు. అంత దగ్గరి బంధుత్వం ఉన్నా మన దగ్గర మాత్రం రికార్డంటే పాటే. ‘పాతాళభైరవి’లోనో ‘మాయాబజార్’లోనో పాటకూ పాటకూ నడుమ వినిపించే సంగీతం విడిగా కొనుక్కుందామంటే దొరకదు. అది ఫిల్ము అంచున ఉన్న శబ్దరేఖలోనే ఉండిపోయింది. ప్రింటు పోతే అదీ పోతుంది. కె.వి. మహదేవన్, పెండ్యాల, సాలూరి నేపథ్య సంగీతం మీద ఇంతవరకూ గట్టి పుస్తకం రాకపోవడానికి ఇది ఒక కారణం.

ఆ లోటును కొంత తీర్చినవి డైలాగుల రికార్డులు. 1975లో ‘ముత్యాలముగ్గు’ వచ్చినప్పుడు ముళ్ళపూడి వెంకటరమణ మాటలు, రావు గోపాలరావు గొంతు రికార్డుగా వచ్చి పాటలతో సమానంగా ఊళ్ళలో మోగాయి. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో కొండవీటి వెంకటకవి రాసిన రామారావు సంభాషణలు ఇంటింటా వినిపించాయి. పిల్లలు అర్థం తెలియకుండానే పద్యంలా వల్లించారు. ఈ రికార్డులు మాటల కోసం కొన్నారు, నిజమే. కానీ మాటల వెనక నేపథ్య సంగీతం కూడా ఉంది. ఆకాశవాణి ఆదివారాల్లో ప్రసారం చేసిన సంక్షిప్త శబ్దచిత్రాల్లోనూ అంతే. ఇవాళ ఆ సంగీతం వినాలనుకునేవాళ్ళకు పనికొచ్చే దారి ఇది. డైలాగుల ఎల్‌పీలు పాత సామాన్ల కొట్టులో తక్కువ ధరకు కనిపిస్తే వదలకండి.

రేడియో మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. 1952 తర్వాత కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మూగబోయింది. మన శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. మీనాక్షి పొన్నుదురై తెలుగు ప్రకటనలు వినని ఇల్లు ఆ తరంలో తక్కువ. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలయ్యేదాకా ఆ కరువు సాగింది. ఆ అయిదేళ్ళూ పల్లెకు పాట మోసింది మైకుసెట్టువాళ్ళు. పెళ్ళికి, జాతరకు, గంగజాతరకు రికార్డుల పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చి, చెట్టుకు లౌడ్‌స్పీకరు కట్టి పాట వేసేవాళ్ళు. టూరింగు టాకీసులో ఆట మొదలవుతుందనడానికి గుర్తు ఘంటసాల పాడిన వేంకటేశ్వరుడి పాట. డేరా దగ్గర ఆ పాట మోగగానే అన్నం పళ్ళెం దగ్గర్నుంచి లేచి పరుగెత్తిన పిల్లలు ఇప్పుడు తాతలు. మైకుసెట్టువాళ్ళ రికార్డుల మీద గీతలెక్కువ, అరుగుదల ఎక్కువ. కానీ వాళ్ళు లేబుల్ పక్కన తెల్లరంగుతో వేసుకున్న నంబర్లు, అట్టల మీద రాసుకున్న ఊళ్ళ పేర్లు ఏ మ్యూజియంలోనూ దొరకని చరిత్ర. సేకర్తలు శుభ్రంగా ఉన్న రికార్డు కోసం వెతుకుతూ వీటిని వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

మన జిల్లా ఇళ్ళలో సినిమా రికార్డుల పక్కన తప్పకుండా కనిపించేవి ఇంకో రెండు. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం ఒకటి. ఘంటసాల భగవద్గీత రెండోది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయాక విడుదలైంది, ఆ గొంతు అలా చివరిసారి ఇళ్ళకు చేరింది.

ఇవన్నీ కొన్నదెక్కడ? కొత్తవి నెల్లూరు, తిరుపతి కొట్లలో. పాతవి మాత్రం మద్రాసు మూర్ మార్కెట్టులో. సెంట్రల్ స్టేషన్ పక్కనే ఎర్ర ఇటుకల కట్టడం. పాత పుస్తకాలు, గ్రామఫోనులు, రికార్డులు, పాటల పుస్తకాలు, సినిమా పత్రికలు గుట్టలుగా పోసి అమ్మేవాళ్ళు. తడలోనో సూళ్లూరుపేటలోనో పొద్దున్నే రైలెక్కినవాడు సెంట్రల్‌లో దిగి నడిస్తే మూర్ మార్కెట్టే. 1985 మే 30న అది కాలిపోయింది. కొట్లవాళ్ళకు వెనకపక్క వేరే జాగా ఇచ్చారు గానీ, పాత మార్కెట్టు సంపద తిరిగి రాలేదు. ఆ స్థలంలో రైల్వే వాళ్ళ కట్టడాలు లేచాయి. ఇవాళ సూళ్లూరుపేట నుంచి తడ మీదుగా వెళ్ళే లోకల్ రైళ్ళు ఆగే స్టేషన్ పేరు మూర్ మార్కెట్ కాంప్లెక్స్. రోజూ ఆ రైలెక్కే మనవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

రికార్డుల సేకరణను ఒక శాస్త్రంగా చేసి చూపినవారు మద్రాసులో స్థిరపడిన వి.ఎ.కె. రంగారావు. జమీందారీ కుటుంబంలో పుట్టి, ఆ స్తోమతను రికార్డుల మీద పెట్టారు. నలభై వేలకు పైబడిన ఆయన సేకరణ లిమ్కా రికార్డుల పుస్తకానికెక్కింది. అంకె గొప్పదే, దానికంటే ఆయన పద్ధతి గొప్పది. రికార్డు వినడం, లేబుల్ చూసి రాసుకోవడం, సినిమాతో పోల్చడం, పాడినవాళ్ళు బతికుండగానే వెళ్ళి అడగడం, అడిగింది ‘ఆలాపన’ శీర్షిక కింద తెలుగులో రాయడం. పాటల పుస్తకంలో తప్పుంటే తప్పని చెప్పారు, పెద్దవాళ్ళ జ్ఞాపకం పొరపడితే అదీ చెప్పారు. మన దగ్గర సినిమా వ్యాసాలు పొగడ్తలతో నిండిపోయిన కాలంలో ఈ కచ్చితత్వం అరుదు. సేకర్త అంటే ఎక్కువ వస్తువులున్నవాడు కాదు, తన దగ్గర ఏముందో తెలిసి పదిమందికి చెప్పినవాడు అని ఆయన పని చూస్తే ఎవరైనా ఒప్పుకుంటారు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. ఎనభైల్లో క్యాసెట్టు వచ్చి రికార్డును పక్కకు నెట్టింది. నల్లరికార్డులు అచ్చువేయడం తొంభైల తొలినాళ్ళకు దాదాపు ఆగిపోయింది. అట్ట మీది బొమ్మ అరచేతంత క్యాసెట్టు డబ్బాలోకి కుంచించుకుపోయింది. పరిశ్రమ కూడా హైదరాబాదు దారి పట్టింది. అన్నపూర్ణ స్టూడియో 1976లో మొదలైతే, మిగతావాళ్ళు వచ్చే ఇరవయ్యేళ్ళలో ఒక్కొక్కరే తరలిపోయారు. మనుషులు వచ్చేశారు గానీ పోస్టర్ల కట్టలు, నెగెటివ్‌లు, స్టిల్సు మద్రాసు గోడౌన్లలోనే ఉండిపోయాయి. అద్దె కట్టేవాడు లేక అక్కడే చెదలు పట్టినవి, కాటాకు పోయినవి ఎన్నో. 1964లో పూణేలో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పోస్టర్లు, పాటల పుస్తకాలు, రికార్డులు కూడా భద్రపరుస్తుంది. తెలుగువాళ్ళకు సొంతంగా అలాంటి సంస్థ లేకపోవడం మన ప్రభుత్వాల, మన పరిశ్రమ పెద్దల నిర్లక్ష్యం. డబ్బు లేక కాదు. 2019లో సూళ్లూరుపేట దగ్గర హైవే పక్కన వంద అడుగుల వెడల్పు తెరతో థియేటరు కట్టగలిగాం. ఆ తెర చూడటానికి చెన్నై నుంచి తడ దాటి జనం వస్తున్నారు. అలాంటి హాలు వసారాలో పాత పోస్టర్లకు ఒక గోడ కేటాయించడం పెద్ద పనేమీ కాదు.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో ఎవరి ఇంట్లోనైనా అటక మీద రికార్డులుంటే కొన్ని మాటలు వినండి. పాత 78 రికార్డును స్పిరిట్‌తో తుడవొద్దు, లక్క కరిగిపోతుంది. మెత్తటి బట్ట కొద్దిగా తడిపి, లేబుల్ తడవకుండా తుడవండి. ఎల్‌పీ ప్లేయరు ముల్లుతో 78 వేయొద్దు, దాని గీత వెడల్పు వేరు, ముల్లు వేరు. రికార్డులు ఒకదానిమీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. పోస్టరుకు సెల్లోటేపు అంటించొద్దు, లామినేషన్ అసలే చేయించొద్దు, మళ్ళీ విడదీయలేరు. పులికాట్ పక్క ఊళ్ళలో ఉప్పుగాలి, తేమ ఎక్కువ. నేలకు ఆనకుండా, గోడకు ఆనకుండా పెట్టండి. ఏడాదికోసారి విప్పి చూడండి.

ఇంకొక్క పని. రికార్డు అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా, ముందు దాని లేబుల్‌కు ఫొటో తీసి, ఎవరు కొన్నారో, ఎప్పుడు, ఏ ఊళ్ళో కొన్నారో ఒక కాగితం మీద రాసి అట్టలో పెట్టండి. ఆత్రేయ పాటల రికార్డులు ఎవరి దగ్గర ఉన్నా, ఎంత గీతలు పడినవైనా, సూళ్లూరుపేటలోనో తడలోనో ఒక గ్రంథాలయంలో చేర్చే ప్రయత్నం మొదలుపెడదాం. స్థలం చూడటానికి ఊరి పెద్దలు ముందుకొస్తే, జాబితా రాసే పని నేను చేస్తాను.

(వచ్చే భాగం: పులికాట్ పడవల రేవులు)